సంగీత ప్రసంగములు: వ్రేళ్లు మఱగిన త్రోవ

కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాదునుండి యొక సోదరి గతమాసమున నాకు దీర్ఘమైన లేఖ వ్రాసిరి. వీణను గూర్చియు వాయులీనమును గూర్చియు ప్రశ్నలు వచ్చుట ఈ శీర్షికకు అలవాటే కాని, గిటారును గూర్చి యడిగినవారు ఈమె యొక్కరే. అన్నగారు కొని విడిచిన గిటారును వివాహానంతరము తెచ్చుకొని, ఇంటిపనులు ముగిసిన పిమ్మట వాయించుకొందురట. పాటయొక్క వరుస పలికించుటలో వారికి చిక్కు లేదు. చరణములనడుమ, ముందుగా నేర్చినది గాక, అప్పటికప్పుడు మనసునకు తోచినదానిని కల్పించి వాయించు భాగమున్నది గదా, గిటారువారు దీనినే లీడు వాయించుట యందురు, అచ్చట వచ్చినది చిక్కు. "రెండేండ్లనుండి నే నేమి మొదలిడినను నా వ్రేళ్లు ఆ నాలుగు పలుకులే పలుకుచున్నవి. మొన్న మా పదేండ్ల బిడ్డ 'ఏందమ్మా, ఏ పాట వట్టినా ఆఖరికి గదే వాయిస్తవ్!' అన్నది. ఆనాటినుండి నేను గిటారు ముట్టలేదు. దసరాకు పుట్టింటికి పోయినపుడు మా మేనల్లునకు ఇచ్చివేయుదమని తలచుచున్నాను" అని వ్రాసిరి.

సోదరీ, ఇయ్యవలదు. మీ బిడ్డ పలికినది నింద యని తలపకుడు. ఆ పిల్ల చెవి మంచిది. మీరు వాయించినదంతయు విని, ఇది వచ్చినది, మఱల వచ్చినది అని గుఱుతుపట్టినది. ఏమియు రానివారి వాదనమున ఇట్లు గుఱుతుపట్టుటకు వీలు లేదు. వారు ప్రతిదినమును వేఱొక విధముగా తప్పుచుందురు. కొంత విద్య వచ్చి చేయి కుదిరినవారికే ఈ చిక్కు కలుగును.

నాకును ఒకప్పుడు కలిగినది. కల్యాణి ఆలాపన చేయుటకు కూర్చుంటినా, నా యెడమచేయి తారషడ్జమున కెక్కి, అచ్చట ఒకమాఱు ఊగి, మెట్లవెంబడి దిగివచ్చెడిది. మఱునాడును అంతే. మార్పవలెనని తలచిన కొలదియు ఆ పలుకే ముందుగా వచ్చి నిలిచెడిది. ఒకనాడు మా గురువుగారు వీణను నాచేతినుండి తీసి గోడకు చేర్చి, "పదునైదు దినములు దీనిని ముట్టవద్దు, పాడుము" అనిరి. నా గొంతు వినసొంపైనది కాదు. సిగ్గుచేత కన్నీరు వచ్చినది. కాని పాడుచుండగా నొక వింత తెలిసినది. నా వ్రేళ్లకు అంతగా అలవాటైన ఆ పలుకు నా గొంతునకు తెలియనే తెలియదు. గొంతు మఱియొకచోట ఆగెను, మఱియొకచోట ఊపిరి తీసెను, గాంధారమును విడిచి పోవుటకు ఇష్టపడక అచ్చటనే తిరుగాడెను. దోషము నా మనసున లేదు, నా చేతియందే యున్నదని అప్పుడు గ్రహించితిని.

బాన్సువాడ ప్రాంతపువారికి కాలువ సంగతి నేను చెప్పనక్కఱ లేదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది మొదలు ఆ నీరు త్రవ్విన కాలువవెంబడినే పోవుచున్నది. ప్రక్కమడి ఎండుచున్నను, ఒడ్డు తెగగొట్టినగాని అందులోనికి నీరు పాఱదు. వ్రేళ్లును అంతియే.

గిటారునందు ఈ కాలువ మఱింత సులభముగా ఏర్పడును. లీడు నేర్చువారికి మొట్టమొదట చూపునది సాధారణముగా ఐదు స్వరముల వరుస. ఐదవ మెట్టున చూపుడువ్రేలు నిలిపి, ఎనిమిదవ మెట్టు దాటకుండ, ఆఱు తీగలమీద తీగకు రెండేసి చొప్పున పండ్రెండు స్థానములు. చేయి జరుపనక్కఱ లేదు. ఎచ్చట మీటినను అపస్వరము రాదు. ఇంత సుఖమైన యిల్లు విడిచి ఎవరు బయలుదేఱుదురు? కొన్నాళ్లకు వాయించువారు స్వరమును తలచుట మాని, ఆ స్థానముల ఆకారమునే తలతురు. ప్రతి యుదయమును వాకిట ఒకే ముగ్గు వేయు చేయి చుక్కలు లెక్కింపదు గదా.

ఇట్టివారికి పలువురు చెప్పు సలహా "క్రొత్త స్కేళ్లు నేర్చుకొనుడు" అని. నేను దీనికి సమ్మతింపను. మెట్లు మారినను చేతి నడక మారనిచో క్రొత్త వరుసయు పదిదినములలో పాతబడును. మెట్లను అట్లే యుంచి చెవిని మార్చుట మేలు. ఆ పండ్రెండు స్థానములలోని వరుస మనకు క్రొత్తది గాదు. షడ్జము, సాధారణగాంధారము, శుద్ధమధ్యమము, పంచమము, కైశికినిషాదములతో కూడిన మన శుద్ధధన్యాసియే. వ్రేళ్ల స్థానములు మార్పక, ఫోనులోని తంబురశ్రుతిని మాత్రము దాని గాంధారమునకు జరుపుడు. గిటారువారి పేళ్లతో చెప్పవలెనన్న, ఏ నుండి సీకి. అది మోహనమగును! మధ్యమమునకు జరిపిన మధ్యమావతి, పంచమమునకు జరిపిన హిందోళము, నిషాదమునకు జరిపిన శుద్ధసావేరి. మనవారు దీనిని గ్రహభేద మందురు. ఇన్నాళ్లును ఇల్లుగా నున్న స్వరము ఒక్కసారిగా పొరుగిల్లగును. వ్రేళ్లు పాతచోటనే వచ్చి ఆగును, చెవి "ఇచ్చట గాదు" అని చెప్పును. ఆ తడబాటు మంచిది, దానికి భయపడవలదు.

ఇంతకంటెను గొప్ప ఉపాయము పాలకొల్లున పుట్టిన యొక బాలుని చరిత్రలో నున్నది. మాండొలిన్ శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు. ఇంటనున్న మాండొలినును బాలుడు పసితనముననే చేపట్టెను. వానికి విద్య చెప్పినవారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులగు రుద్రరాజు సుబ్బరాజుగారు. సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు! వారు పాడెడివారు, పిల్లవాడు విన్నదానిని తీగలమీద వెదకి పలికించెడివాడు. ఏ వ్రేలు ఎచ్చట పెట్టవలయునో చూపువారు లేరు. కావున ఆ చేతికి ముందుగా త్రవ్విన కాలువ యేదియు లేకపోయినది. ప్రతి పలుకును గొంతునుండియే రావలసివచ్చినది. ఆ గురువునకు వాద్యము రాకపోవుటయే శిష్యుని భాగ్య మని నా యభిప్రాయము.

మాండొలినునందు గమకము పలుకునా యని సంగీతజ్ఞులు సందేహించిన కాలమది. జతలు జతలుగా నెనిమిది తీగలుండు ఆ వాద్యమును వారు ఐదు ఒంటితీగల విద్యుద్వాద్యముగా మార్చుకొనిరి. 1978లో గుడివాడ త్యాగరాజారాధనమున మొదటి కచేరి. 1983లో బెర్లిను జాజ్ ఉత్సవము. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లదేశపు గిటారు విద్వాంసుని 'రిమెంబర్ శక్తి' బృందమున వీరును వాయించిరి. ఆ మెక్‌లాఫ్లిన్ అంతకు పూర్వమే, 1970లనాటి 'శక్తి' బృందముకొఱకు, మెట్లనడుమ కఱ్ఱను గుంటగా చెక్కించిన గిటారు చేయించుకొనెను. తీగను వీణమీదివలె లాగి గమకము పలికింపవలెననియే ఆ శ్రమ. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్లకే, చెన్నపట్టణమున దివంగతులైరి. సంగీతలోకము దీనికి ఇంకను దుఃఖించుచున్నది.

కనుక, సోదరీ, సుబ్బరాజుగారిని మీ గొంతులోనికే తెచ్చుకొనుడు. గిటారు ఒడిలో నుంచుకొని, మీటక, ఒక చిన్న పలుకు పాడుడు. వంటింట కూనిరాగము తీయునట్లు తీసిన చాలును. పిదప దానిని, దానినే, తీగలమీద వెదకుడు. దొరకనిచో మఱల పాడుడు. సమీపమున నున్న తెలిసిన పలుకుతో సరిపెట్టుకొనవలదు. మొదటివారము దినమునకు నాలుగైదు పలుకులు దొరకిన అదే యెక్కువ.

ఊపిరిని గూర్చియు ఒకమాట. పాడువారు ఊపిరి తీయవలయును. గిటారునకు ఆ నిర్బంధము లేదు. అందుచేత వ్రేళ్లు తెఱపి లేక పరుగెత్తును, ఆలోచించుటకు సమయము లేనపుడు తెలిసిన త్రోవనే పట్టును. దీనికి మందు మీ యూరనే యున్నది. బతుకమ్మచుట్టు తిరుగునపుడు ఒకామె చరణమెత్తును, తక్కినవారు చప్పట్లతో అందుకొందురు. వారు పాడునంతసేపు ఆమె ఊరకుండును. ఆ యూరకుండుటలోనే తరువాతి చరణము తోచును. ఒక పలుకు మీటి, దానికి బదులు పాడువారు ఎదుట నున్నట్లు తలచి, అంతకాలము చేతిని తీగలమీదనుండి తీసివేయుడు. మొదట ఈ నిశ్శబ్దము దుర్భరముగా నుండును. నాకు నెలదినములు అట్లే యుండెను.

తక్కినవి క్లుప్తముగా వ్రాయుదును. ఒక దినమున మూడవతీగ నొక్కదానినే తీసికొని, మొదటి మెట్టునుండి పండ్రెండవ మెట్టు వఱకు దానిమీదనే వాయించుడు. వైణికులకు ఇది నిత్యకృత్యము, గిటారువారు మఱచినారు. ఇంకొక దినమున మూడే స్వరములతో పావుగంట గడపుడు. ఎత్తుగడను తాళపు మొదటి దెబ్బనుండి కొంచెము జరుపుడు. పాత పలుకైనను అఱదెబ్బ ఆలసించి ఎత్తుకొన్నచో తుదకు పాతచోట చేరజాలదు. వారమున కొకసారి వాయించినదానిని ఫోనులో ఎక్కించుకొని, కాగితము చేతబట్టుకొని వినుడు. ఆ నాలుగు పలుకులలో ఏది వచ్చినను ఒక గీత గీయుడు.

గీతలు లేకుండ పోవలెనని మాత్రము పట్టుపట్టకుడు. గొప్ప విద్వాంసులకును తమ ముద్దుపలుకు లుండును. శ్రోతలు వానికై ఎదురుచూతురు. మీరు పిలిచి తెచ్చుకొన్నపుడు రావచ్చును. పిలువని పేరంటమునకు వచ్చినదానినే లెక్కింపుడు.

దసరాకు గిటారును పుట్టింటికి తప్పక తీసికొనిపొండు. మేనల్లునకు వేఱొకటి ఎవరైన కొందురు. బతుకమ్మ నిమజ్జనమై వచ్చిన రాత్రి, వదినెలు పాడుచుండగా వారి యెడముల లోనికి మీరు రెండు మూడు పలుకులు మీటుడు. మీ బిడ్డ ప్రక్కననే యుండును గదా. ఏమన్నదో నాకు వ్రాయుడు.