అద్దము పోయినా కటకము నిలవాలి

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు ఊరకే అనలేదు. విజ్ఞానశాస్త్రము దినదినాభివృద్ధి చెందుతున్న ఈ కాలములో నిన్న కొన్న వస్తువు నేటికే పాతబడుతున్నది. అయితే పాతబడిన ప్రతి వస్తువూ పనికిమాలినదేనా? ఛాయాగ్రహణ రంగములో నేడు జరుగుతున్న మార్పు ఈ ప్రశ్నను మన ముందు ఉంచుతున్నది. అద్దము గల డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాల స్థానమును అద్దము లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ఆక్రమిస్తున్నవి. ఆ అద్దముతో పాటు ఏండ్ల తరబడి కూడబెట్టుకున్న కటకములను, అనగా లెన్సులను కూడా వదులుకోవలసినదేనా అన్నది మేము ఇక్కడ విచారించదలచిన విషయము.

ఇది ధనవంతుల వినోదమునకు సంబంధించిన ప్రశ్న అని తలచరాదు. నరసన్నపేట వంటి పట్టణములో ఫోటో స్టూడియో ఒక కుటుంబమునకు జీవనాధారము. మాఘ ఫాల్గుణ మాసముల ముహూర్తములు, నికాలు, వలీమా విందులు, కళాశాలల వార్షికోత్సవములు – వీటి మీదనే ఆ సంపాదన. అప్పు చేసి కెమెరా కొన్నవారికి ఆ అప్పు తీరకముందే కొత్త కెమెరా ఉన్నదా అని అడిగే పెండ్లివారు ఎదురైతే, వారు ఏమి చేయాలి? కెమెరా ఒకటే కావచ్చును. దాని వెంట ఉన్న మూడు నాలుగు లెన్సుల విలువ తరచుగా కెమెరా విలువను మించి ఉంటుంది. కెమెరాతో పాటు వాటినీ మార్చవలసివస్తే చిన్న స్టూడియో కోలుకొనుట కష్టము.

కెమెరా చరిత్ర లెన్సుకూ పెట్టెకూ గల సంబంధపు చరిత్రయే. ఉర్దూలో మనము గదిని కమరా అంటాము. కెమెరా అన్న మాటకు కూడా మూలము గదియే. రెండూ ఒకే లాటిను పదమునుండి వచ్చినవి. చీకటి గదిలోనికి చిన్న రంధ్రము గుండా ప్రవేశించే వెలుతురును 11వ శతాబ్దిలోనే ఇబ్న్ అల్ హైథమ్ పరీక్షించి చూచినాడు. ఆయన కితాబ్ అల్ మనాజిర్ దృష్టిశాస్త్రమునకు పునాదిగ్రంథములలో ఒకటి. మన తెలుగునాట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నుండి ముసవ్విర్ జంగ్ బిరుదము పొందిన రాజా దీన్‌దయాళ్ కాలమునాటివి కొయ్యపెట్టె కెమెరాలు. అటువంటి కెమెరాలలో లెన్సును ఒక పలకకు బిగించి, ఆ పలకను పెట్టె ముందు అమర్చేవారు. మరొక లెన్సు కావలెనంటే మరొక పలక చేయించుకుంటే చాలు. వడ్రంగి చేయగల పని. లెన్సు ఒక సంస్థది, పెట్టె మరొక సంస్థది అయినా అడ్డు లేకపోయినది.

ఆ స్వేచ్ఛ తరువాత తగ్గినది. ప్రతి సంస్థయూ లెన్సును బిగించుటకు తనదైన మౌంటును ఏర్పరచుకున్నది. నికాన్ సంస్థ ఎఫ్ మౌంటును 1959లోను, కానన్ సంస్థ ఇ.ఎఫ్. మౌంటును 1987లోను ప్రవేశపెట్టినవి. ఈ కెమెరాలలో లెన్సుకూ చిత్రము పడే తలమునకూ నడుమ ఒక అద్దము వాలుగా నిలిచి, దృశ్యమును మన కంటికి చేరవేస్తుంది. మీట నొక్కగానే అది పైకి లేచి వెలుతురుకు దారి ఇస్తుంది. అద్దము లేచుటకు చోటు కావాలి కదా! అందువలన మౌంటునుండి చిత్రతలము వరకు నికాన్‌లో 46.5 మిల్లీమీటర్లు, కానన్‌లో 44 మిల్లీమీటర్లు దూరము ఉంచవలసివచ్చినది.

2008లో పానసోనిక్ సంస్థ లెన్సులు మార్చుకోదగిన మొదటి మిర్రర్‌లెస్ కెమెరాను విడుదల చేసినది. అందులో అద్దము లేదు. సెన్సారు మీద పడిన దృశ్యమే విద్యుత్తు ద్వారా చిన్న తెర మీద కనిపిస్తుంది. అద్దము పోవుటతో దూరము తగ్గినది. 2018లో వచ్చిన నికాన్ జడ్ మౌంటులో అది 16 మిల్లీమీటర్లు, కానన్ ఆర్.ఎఫ్. మౌంటులో 20 మిల్లీమీటర్లు మాత్రమే. పాత లెన్సుకు ప్రాణము పోసినది ఈ తగ్గుదలయే. నికాన్‌లో మిగిలిన 30.5 మిల్లీమీటర్లను, కానన్‌లో మిగిలిన 24 మిల్లీమీటర్లను ఒక గొట్టపు కడియముతో నింపితే, పాత లెన్సు తన పూర్వపు దూరములోనే నిలుస్తుంది. ఆ కడియమునే అడాప్టరు అంటారు. నడుమ గాజు లేదు కనుక చిత్రపు నాణ్యత తగ్గదు. కాని కొత్త లెన్సును పాత కెమెరాకు ఇట్లు తగిలించుట సాధ్యము కాదు. అది కోరే దగ్గరితనమును అద్దపు గది ఇవ్వజాలదు.

ఈ సూత్రమునకు విరుద్ధముగా జరిగితే ఏమగునో చరిత్రలోనే ఉన్నది. 1987లో కానన్ తన పాత ఎఫ్.డి. మౌంటును విడిచిపెట్టినది. ఎఫ్.డి. లెన్సుకు కావలసిన దూరము 42 మిల్లీమీటర్లు. కొత్త మౌంటు దూరము 44. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ అగుటచేత, సవరించే గాజు లేకుండా దూరపు దృశ్యము ఆ లెన్సులకు స్పష్టముగా చిక్కలేదు. ఎన్నో మంచి లెన్సులు అనాథలైనవి. విచిత్రమేమనగా, నేటి మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఒక సాధారణ కడియముతో అవి మరల పనిచేస్తున్నవి. ఫోకస్ మాత్రము చేతితో తిప్పుకోవాలి. ముప్పది ఏండ్లు పనికిరావనిపించుకున్నవి తిరిగి పనికివచ్చినవి!

అయినను అన్ని లెన్సులకూ ఒకే గతి పట్టలేదు. కానన్ ఇ.ఎఫ్. లెన్సులన్నీ తమ సంస్థ అడాప్టరుతో ఆటోఫోకస్ సహా పనిచేస్తవి. నికాన్‌లో ఆ భాగ్యము అందరికీ లేదు. లోపల మోటారు గల ఎ.ఎఫ్-ఎస్. లెన్సులు చక్కగా పనిచేస్తవి. లోపల మోటారు లేక, కెమెరాలోని మోటారు మీద ఆధారపడిన పాత డి రకపు లెన్సులకు ఎఫ్.టి.జడ్. అడాప్టరు ఆటోఫోకస్ ఇవ్వదు. చౌకగా దొరికి చిన్న స్టూడియోలకు ఎంతో అక్కరకు వచ్చే 50 మిల్లీమీటర్ల 1.8 డి లెన్సు ఈ కోవలోనిదే. పెండ్లిపీటల మీద తలంబ్రాలు పోసే క్షణమున చేతితో ఫోకస్ తిప్పుకుంటూ కూర్చొనుట ఎవరి తరము? సోనీ సంస్థ 2020లో మోటారు గల అడాప్టరును విడుదల చేసినది. కావున ఇది అసాధ్యము కాదు. సంస్థలు తలచుకోవలసిన పని మాత్రమే.

కొత్త మౌంటుకే తయారైన లెన్సులు మేలైనవని కొందరు అంటారు. అందులో నిజము లేకపోలేదు. నికాన్ పాత మౌంటు వ్యాసము 44 మిల్లీమీటర్లయితే కొత్తది 55. ఆ విశాలత వలన చిత్రపు అంచుల వరకు స్పష్టత సాధించుట సులభము. అడాప్టరు వలన కొంత బరువు పెరుగుతుంది. పాత లెన్సుల మోటారు చప్పుడు వీడియోలో వినిపించవచ్చును. కాని పాత లెన్సుకు లాభమూ ఉన్నది. సెన్సారే స్వయముగా ఫోకస్ చూచుకొనుటచేత గురి తప్పుట తగ్గుతుంది. కొన్ని కెమెరాలలో సెన్సారే చేతి వణుకును సర్దుకొనుటచేత పాత లెన్సుకు కూడా నిలకడ కలుగుతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురములో పక్షులను చిత్రించగోరే విద్యార్థికి కొత్త టెలిఫోటో లెన్సు అందని ద్రాక్షయే. పాతది అడాప్టరుతో అందుతుంది.

ఇక సంస్థల ధర్మమును గూర్చి ఒక మాట. సోనీ సంస్థ 2011లో తన ఇ మౌంటు వివరములను ఇతర తయారీదారులకు అందుబాటులో ఉంచినది. అందుచేత ఆ మౌంటుకు పలు ధరలలో లెన్సులు లభిస్తున్నవి. కానన్ 2022లో తన ఆర్.ఎఫ్. మౌంటుకు ఒక చైనా సంస్థ చేసిన లెన్సుల అమ్మకమును ఆపించినది. 2024లో మాత్రము సిగ్మా, టామ్రాన్ సంస్థలకు చిన్న సెన్సారు లెన్సులు చేయుటకు అనుమతి ఇచ్చినది. పరిశోధనకు పెట్టిన ఖర్చును రాబట్టుకొనుట సంస్థకు హక్కే. కాని తలుపు మూసిన ప్రతిసారీ ఆ భారము పడేది చివరకు చిన్న పట్టణపు ఛాయాగ్రాహకుని మీదనే అని మా అభిప్రాయము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! కెమెరా కొనే ముందు అందులో ఎన్ని మెగాపిక్సెల్సు ఉన్నవని కాక, మన వద్ద ఉన్న లెన్సులలో దానికి పనిచేసేవి ఎన్ని, ఆటోఫోకస్ దక్కేది ఎన్నింటికి, అడాప్టరు వెల ఎంత అని మొదట అడగండి. లెన్సు పేరులోని ఒక్క అక్షరము వేల రూపాయల తేడా తెస్తుందని గుర్తించండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము కూడా ఇదియే. కెమెరాకే గాక ప్రయోగశాల పరికరములకూ కంప్యూటర్లకూ ఈ ప్రశ్నలు వర్తిస్తవి. ఉన్నదానితో కలియనిది ఎంత కొత్తదైనా ఖరీదైనదే.

కొత్తదానిని మేము ద్వేషించుట లేదు. అద్దము తన పని చేసి తప్పుకున్నది, దానికై విచారించనక్కరలేదు. కాని పాతదానికి చోటు ఇవ్వగల కొత్తయే నిజమైన అభివృద్ధి. ముప్పది మిల్లీమీటర్ల ఖాళీ ఒక తరము పనిముట్లను కాపాడగలిగినది. ఇకముందు వచ్చే యంత్రములు కూడా అంతపాటి చోటును విడిచిపెట్టవలెనని మా ఆకాంక్ష.