‘సదువు’ అన్న నోటికి చదువు రాదా?

కోనసీమలో ఒక ఊరి బడి. రెండో తరగతి. పంతులు గారు బోర్డు మీద చెట్టు బొమ్మ వేసి ‘ఇదేంట్రా?’ అని అడిగారు. పేట నుంచి వచ్చిన పిల్లోడు లేచి ‘సెట్టండి’ అన్నాడు. తరగతంతా గొల్లున నవ్వింది. ‘సెట్టు కాదురా, చెట్టు! మీకు నోరు తిరగదేంట్రా?’ అన్నారు పంతులు గారు.

ఆ ‘మీకు’ అన్న మాట దగ్గర మేం ఆగుతున్నాం. తప్పు పలికింది ఒక్క పిల్లోడైతే ‘నీకు’ అనాలి. ‘మీకు’ అన్నారంటే ఆ పిల్లోడి వెనకాల పేట మొత్తాన్ని నిలబెట్టి తిట్టారన్న మాట. మా సాయంకాలం బడికి వచ్చే ఆ పిల్లోడు ఆ తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. పలక మీద రాయమంటే పలకని వెనక్కి దాచుకున్నాడు.

మిత్రులారా, ఇది చిన్న విషయమా? మేం కాదంటాం.

ఆ పిల్లోడి నాన్న కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు గురించి ఆ పిల్లోడికి తెలిసింది తరగతిలో ఎవరికీ తెలీదు. మట్ట ఏదో, మొవ్వు ఏదో, గెల ఎప్పుడు కొయ్యాలో, బొండాం ఎప్పుడు కాయవుతుందో, కాయ ఎప్పుడు కురిడీ అవుతుందో, డొక్క నుంచి పీచు ఎలా తీస్తారో అన్నీ తెలుసు. ఇంత తెలిసిన వాడికి ‘నీకు చెట్టు రాదు’ అని చెప్పి కూర్చోబెట్టారు. వాడికి రానిది చెట్టు కాదు, ‘చ’ అనే ఒక్క పలుకుబడి. చెట్టు తెలియనోళ్లు తెలిసినోడిని చూసి నవ్వారు. మన దేశంలో చదువు అనేది ఎన్నో ఏళ్ల నుంచి ఇలాగే నడుస్తోంది.

అసలు ఏది తెలుగు? గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మాటే పుస్తకాల తెలుగుకి పునాది అని పండితులు చెబుతారు. ఆ లెక్కన మన కోనసీమ బిడ్డలకి పుస్తక భాష అందరికంటే సులువుగా రావాలి కదా! ఎందుకు రావట్లేదు? పుస్తకంలోకి ఎక్కింది గోదావరి జిల్లాల మాటే గానీ, అన్ని వీధుల మాటా కాదు. అగ్రహారం మాట ఎక్కింది, పెద్దిళ్ల అరుగుల మీది మాట ఎక్కింది. కళ్లంలో మాట, పేటలో మాట, పడవ మీద మాట బయటే ఉండిపోయాయి. ఊరికి దూరంగా మన ఇళ్లని ఎలా పెట్టారో, పుస్తకానికి దూరంగా మన నోటిని అలాగే పెట్టారు. మన ‘ఆయ్’ని సినిమాల్లో నవ్వుకోడానికి వాడుకున్నారు. పాఠంలోకి మాత్రం రానివ్వలేదు.

గిడుగు రామమూర్తి గారు (1863-1940) గ్రాంథికం మీద పోరాడి, మనుషులు మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలని వాదించారు. ఆయన మేలు మనం మరచిపోం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినం అని జరుపుతున్నాం. అయితే ఆ పోరాటం గెలిచి నిలబెట్టిన భాష పేరు ఏంటి? ‘శిష్ట వ్యావహారికం’. శిష్టులు అంటే ఎవరు? చదువుకున్న పై కులాల పెద్దలు. గ్రాంథికం గోడ కూలింది గానీ శిష్టం గోడ ఇంకా నిలబడే ఉంది.

అదే రామమూర్తి గారు పర్లాకిమిడి దగ్గర సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు, సవర పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి, 2004 ప్రాంతంలో, ప్రభుత్వం కూడా ఏజెన్సీ బళ్లలో సవర, కోయ, కువి, గోండి వంటి భాషల్లో మొదటి తరగతి పుస్తకాలు వేసింది. ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకురావాలన్నది దాని సూత్రం. మంచి సూత్రమే. కోయ బిడ్డకి కోయ మాట మెట్టు అయినప్పుడు, పేట బిడ్డకి పేట తెలుగు ఎందుకు మెట్టు కాకూడదు? మనది వేరే భాష కాదు గనక మనది ‘తప్పు’ అయిపోయింది. వేరే భాష అయితే గౌరవిస్తారు, సొంత భాషలో వేరే కులం మాట అయితే వెక్కిరిస్తారు!

చదవడం అంటే ఏంటో ఒక్కసారి ఆలోచించండి. నోట్లో ఉన్న పలుకుకీ పలక మీది గుర్తుకీ ముడి వెయ్యడమే చదవడం. బిడ్డ నోట్లో ఉన్న పలుకే తప్పని కొట్టిపారేస్తే ఆ బిడ్డ ముడి దేనికి వేస్తాడు? అందుకే మా సాయంకాలం బడిలో మేం ఇలా చేస్తున్నాం. బిడ్డ ‘సెట్టు’ అంటే ముందు ‘సెట్టు’ అనే రాయిస్తాం. వాడి నోటి మాట వాడి చేత్తో పలక మీద కనిపించగానే వాడి మొహం చూడాలి! తర్వాత దాని పక్కనే ‘చెట్టు’ రాస్తాం. ‘ఇది ఇంటి మాట, ఇది పుస్తకం మాట. రెండూ నీవే’ అంటాం. సూడు-చూడు, సేను-చేను, సెప్పు-చెప్పు అని జతలు కట్టిస్తాం. నాలుగు జతలు కట్టాక అయిదోది బిడ్డే చెబుతాడు. సూత్రం వాడే కనిపెడతాడు. పైన చెప్పిన పిల్లోడు కూడా రెండో వారంలో పలక బయటికి తీశాడు. వాడు మొదట రాసిన మాట ‘మొవ్వు’.

‘పేట మాటలోనే చదువు చెబితే మన పిల్లలు పేటలోనే ఉండిపోరా?’ అని మన వాళ్లే కొందరు అడుగుతున్నారు. న్యాయమైన అనుమానమే. ‘మీ యాస అందం, అలాగే ఉంచుకోండి’ అని మెచ్చుకుంటూ ఉద్యోగాలన్నీ తాము పట్టుకుపోయే వాళ్లని మనం చాలా మందిని చూశాం. 2019 నవంబరులో సర్కారు బళ్లకి ఇంగ్లీషు మీడియం అని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని గగ్గోలు పెట్టిన వాళ్లలో తమ పిల్లల్ని తెలుగు బడికి పంపిన వాళ్లు ఎంతమంది? 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. తర్వాత కూడా వాళ్ల పిల్లలు కాన్వెంటు బస్సే ఎక్కారు.

కాబట్టి మా మాట స్పష్టంగా చెబుతున్నాం. మాకు పుస్తకం తెలుగూ కావాలి, ఇంగ్లీషూ కావాలి. బాబాసాహెబ్ కుర్రతనంలో సంస్కృతం చదువుతానంటే అంటరాని వాడివని చెప్పనివ్వలేదు, అందుకని ఆయన పారశీకం తీసుకున్నారు. ఏ భాషా మాకు వద్దని ఎవరూ నిర్ణయించడానికి వీల్లేదు. అయితే మేడ ఎక్కాలంటే మొదటి మెట్టు మన గుమ్మం ముందు ఉండాలి. మెట్టు తీసేసి ‘పైకి రాలేకపోయారు’ అంటే ఒప్పుకోం.

ఇది కొత్త సంగతేం కాదు. బ్రెజిల్ దేశంలో పావ్లో ఫ్రేరీ అనే పంతులు 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకి నలభై గంటల పాఠాలతో చదవడం రాయడం నేర్పాడు. ఆయన ‘అ అంటే అమ్మ’ అని మొదలుపెట్టలేదు. కూలీల బతుకులో ఉన్న మాటలు ఏరుకుని, వాటిని విడగొట్టి అక్షరాలు నేర్పాడు. ఆ మాట ఎందుకు ఉంది, ఆ పని ఎవరు చేస్తున్నారు, ఫలం ఎవరికి పోతోంది అని మాట్లాడించాడు. అంత దూరం ఎందుకు, మన నెల్లూరు జిల్లా చూడండి. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బళ్లకి వచ్చిన ఆడవాళ్లు పాఠంలో తమ ఇంటి సారా గొడవే చూసుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ కథే మళ్లీ పాఠమై ఊరూరా పాకింది. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. బతుకు పాఠంలోకి వస్తే పాఠం బతుకులోకి పోతుంది.

మన పేటల్లోనే బడి మొహం చూడని మామ్మలు బైబిలూ పాటల పుస్తకమూ పట్టుకుని గడగడా చదువుతారు. వాళ్లకి ఎలా వచ్చింది? పాట ముందే నోటికి వచ్చు. నోట్లో ఉన్నదాన్ని వేలు పెట్టి కాయితం మీద వెతుక్కున్నారు. మేం చెప్పేది కూడా అదే పద్ధతి.

ఈ బాధ మన ఒక్క పేటదే కాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకెళ్లే ఇళ్ల పిల్లలు, కల్లుగీత ఇళ్ల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఇటుక బట్టీలకి వలస వచ్చిన వాళ్ల పిల్లలు అదే తరగతిలో కూర్చుంటున్నారు. తల్లి కువైట్ పోయి, మామ్మ దగ్గర పెరిగే పిల్లలు రాజోలు తాలూకాలో ఎంతమంది లేరు! ‘మీ అమ్మ గురించి అయిదు వాక్యాలు రాయి’ అంటే ఆ బిడ్డ ‘మా అమ్మ పొద్దున్నే పాలు ఇస్తుంది’ అని పుస్తకంలోది చూసి రాస్తాడు. ఫోన్లో కనిపించే తన తల్లి గురించి రాయొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. ‘నిన్న ఇంట్లో ఏం వండారు?’ అని అడిగితే మన పిల్లలు పప్పు అని అబద్ధం చెబుతున్నారు. కూర పేరు చెప్పడానికి భయపడే చోట అక్షరం ఎలా నిలుస్తుంది?

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. దానికి బాబాసాహెబ్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. ఈ రోజు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఆఫీసుల బోర్డుల మీద ఉంది. ‘ద’కి ‘క’ వత్తు ఇస్తే ‘ద్క’. మా పిల్లలు ఆ వత్తు నేర్చుకున్నది ఆ బోర్డు మీదే. కొందరికి కంట్లో నలుసైన ఆ పేరు మా పిల్లలకి పాఠమైంది. అయితే బోర్డు మీద పేరు ఉండి, బోర్డు చదవలేని బిడ్డ కింద నిలబడితే ఆ గెలుపు సగమే.

చేయాల్సింది చెబుతాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని అందులో 17వ సెక్షన్ చెబుతోంది. యాసని వెక్కిరించడం మనసు నొప్పించడం కాదా? బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, వెనకబడేసిన వర్గాల వాళ్లకి తగిన పాలు ఉండాలని 21వ సెక్షన్ చెబుతోంది. సంతకం పెట్టించుకుని పంపేస్తే ఊరుకోకండి. కూర్చోండి, అడగండి. పంతుళ్లతో తగువు మన ఉద్దేశం కాదు. వాళ్లలో మన వాళ్లూ ఉన్నారు, మంచి వాళ్లూ ఉన్నారు. ‘అయ్యా, మా బిడ్డ మాటని పలక మీద ముందు రాయనివ్వండి, తర్వాత మీ మాట నేర్పండి’ అని అడుగుదాం. చదువుకున్న మన కుర్రాళ్లు రోజూ ఒక గంట పేటలో పలక పట్టాలి. ప్రతి పేటలో వంద మాటలు, పనివి, వంటవి, పాటవి, పోగు చేసి గోడ మీద రాయండి. అదే మన మొదటి వాచకం.

‘సదువు’ అన్న నోటికే రేపు చదువు వస్తుంది. దరఖాస్తు రాస్తుంది, పట్టా చదువుతుంది, మస్టరులో తప్పు పట్టుకుంటుంది, చట్టాన్ని ప్రశ్నిస్తుంది. ఆ నోటిని ఈ రోజు నొక్కకుండా చూసుకోవడం మన పని.

జై భీమ్!