పాముపిల్లకు డబ్బా కట్టుడు: గూడెవరికి, కేసెవరికి?

వానలు షురువైనయంటే ఉస్మానియా క్యాంపస్ల పాములు బయటవడ్తయ్. అండ్ల వింతేం లేదు. రాళ్లగుట్టలు, తుప్పలు, పాత బిల్డింగులు, మెస్ ఎనుక పారేసిన అన్నానికొచ్చే ఎలుకలు. పాముకు ఇంతకన్న ఏం గావాలె? గుడ్లు పగిలి పిల్లలొచ్చే కాలం సుత గదే. పెన్సిలంత లావు, జానెడు పొడుగు. ఎనకటోడైతె దాన్ని జూడంగనే కట్టె అందుకునేటోడు. ఇప్పటి పిలగాడు ఫోన్ అందుకుంటుండు. కొందరైతె ఇంకో అడుగు ముందటికి వోయి, దీన్ని డబ్బాల వెట్టి సాదుకుంటె ఎట్లుంటదని యూట్యూబ్ల ఎతుకుతున్నరు. కొట్టి సంపెటోని కంటె సాదుతా అనెటోడు మనసున్నోడే, కాదనం. కని సంగతి గంత అల్కగ లేదు.

ఆ వీడియోలల్ల సూపెట్టేది ఏందంటే, మూతకు క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీస్కో, గాలికి బొక్కలు కొట్టు, అడుగున పేపర్ పరువు, నీళ్లగిన్నె పెట్టు, ఒక దిక్కు కింద హీటింగ్ ప్యాడ్ ఎయ్యి. అయిపాయె, పాముకు ఇల్లు తయారు. చూస్తె రెండు గంటల పని. గీ వీడియోలు చేసెటోళ్లు ఎక్కువల ఎక్కువ అమెరికా, యూరప్ల ఉంటరు. ఆళ్ల రూం చల్లగ ఉంటది, గందుకే పామును ఎచ్చగ ఎట్లుంచాల్నో చెప్తరు. మన దగ్గర లెక్క ఉల్టా. తార్నాకల, మాణికేశ్వర్ నగర్ల ఊర్లకెళ్లి వచ్చిన పోరలు కిరాయికి తీస్కునేది ఏడ? మూడంతస్తుల మీద రేకుల రూంల. ఏప్రిల్, మే నెలలల్ల బయట 40 దాటితె ఆ రేకుల కింద ఎంతుంటదో అండ్ల వండుకున్నోనికి ఎరుకే. సాదెటోళ్లు ఎక్కువగ తెచ్చే బాల్ పైథాన్‌కు డబ్బాల ఎచ్చటి దిక్కు 32 డిగ్రీల దాక, సల్లటి దిక్కు 25, 26 డిగ్రీలు ఉండాలె. పాముకు సొంతంగ ఒళ్లు ఎచ్చ చేస్కునే గుణం లేదు. ఎచ్చ కావాలంటే ఆ మూలకు వోతది, సల్లవడాలంటే ఈ మూలకొస్తది. రెండు మూలలు పొయ్యి మీదున్నట్టే ఉంటే ఏడికి వోవాలె? కరెంటు వోయిన మధ్యాహ్నం ఆ డబ్బాల అది ఉడుకుతది. పాము అరవది, ఏడ్వది. సచ్చిపోయినంక గని మనకు తెల్వది.

ఇంకా శాన ఉన్నయ్. పిల్లపాముకు పెద్ద డబ్బా మంచిదనుకుంటరు. మనిషికి పెద్దిల్లు మంచిదైనట్టు. కని పిల్లపాముకు ఖాళీ జాగ అంటే గద్ద కంట్ల వడే జాగ. దానికి ఇరుకుగ, చీకటిగ, ఒళ్లు గోడలకు తాకేటట్టు దాక్కునే సందు కావాలె. అది సుత ఎచ్చటి దిక్కొకటి, సల్లటి దిక్కొకటి. ఒక్క దిక్కే పెడితె భయానికి ఆడనే ఉండి, ఎండనో సలినో ఓర్సుకుంటది గని బయటికి రాదు. కాల్చిన మొలతోని బొక్కలు కొడితె లోపటి అంచు గరుకుగుంటది, ముక్కు రాస్కపోయి పుండైతది. మూతకు లోపటి దిక్కు టేప్ అంటిస్తె పొలుసులకు పట్టుకొని ఊడదు, గుంజితె తోలు లేస్తది. తల ఎంత సందుల పడితె ఒళ్లంతా అంత సందులకెళ్లి బయటికి వోతది. క్లిప్పు ఊడిన రాత్రి అది మీ బ్యాగుల ఉన్నదా, పక్క రూమోని చెప్పులల్ల ఉన్నదా ఎవలు చెప్పాలె? తిండి సంగతి వేరే. పిల్లపాముకు వారానికో చిన్న ఎలుకపిల్ల కావాలె. బతికున్న ఎలుకను ఏస్తె అదే పామును కొరికి పుండు చేస్తది. తిన్న ఎంటనే రీల్ కోసం చేతులకు తీస్కుంటె మింగింది కక్కుతది. బాల్ పైథాన్ 20, 30 ఏండ్లు బతుకుతది. పీజీ రెండేండ్లే.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. పైన చెప్పింది పైసలు పెట్టి కొన్న విదేశీ పాము గురించి. క్యాంపస్ల, పొలంగట్టు మీద దొరికిన మన పాముపిల్ల సంగతి వేరే. దాన్ని డబ్బాల ఎయ్యడమే నేరం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం లెక్కల పట్టుడు సుత వేటనే. సంపకున్నా, మంచిగ సాదినా, గుడ్లు తెచ్చి పొదిగిచ్చినా అంతే. 2022ల ఆ చట్టాన్ని మార్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లకు తెచ్చిండ్రు. షెడ్యూల్ 1ల ఉన్న జీవమైతె తక్కువల తక్కువ 3 ఏండ్లు, ఎక్కువల ఎక్కువ 7 ఏండ్ల జైలు, 25 వేలకు తగ్గని జుర్మానా. ఊర్లె రెండుతలల పాము దొరికింది, లక్షలొస్తయని తిరిగెటోళ్లు ఈ కేసులల్లనే ఇరుక్కుంటున్నరు. ఆ పాముకు రెండు తలలూ లేవు, దాంతోని గుప్తనిధులూ రావు. మొండి తోక సూస్తె తల లెక్క కనవడ్తది, గంతే.

మరి విదేశీ పాముకు? ఆడ చట్టం మాట మెత్తగున్నది. 2020 జూన్ల కేంద్రం ఒక పథకం వెట్టింది. మీ ఇంట్ల విదేశీ జంతువులుంటె ఆరు నెలల్ల చెప్పుండ్రి, కాయితాలు అడగం అన్నది. ఏడికెళ్లి వచ్చింది, ఎట్లొచ్చింది అని అడగలే. చెన్నై విమానాశ్రయంల బ్యాంకాక్ నుంచొచ్చిన సూట్‌కేసులల్ల బాల్ పైథాన్లు దొరుకుడు మాటిమాటికి వార్తల్ల వస్తనే ఉంటది. అసొంటి దారిల వచ్చినయ్ సుత ఆ ఆరు నెలల్ల ఒక ఫారంతోని ఇంటి మనుషులైనట్టు. తర్వాత 2024 ఫిబ్రవరిల రూల్స్ తెచ్చి, పరివేష్ పోర్టల్ల రిజిస్టర్ చేస్కోవాలన్నరు. ఇది మంచిదే, లెక్కన్న ఉంటది. నా తకరారు లెక్కతోని కాదు.

ఊర్లల్ల గంప పట్టుకొని తిరిగిన పాములోళ్లను యాది చేస్కోండ్రి. ఆళ్ల తాత ముత్తాతల నుంచి వచ్చిన బతుకుదెరువు 1972 చట్టంతోని నేరమైంది. ఏటా నాగులపంచమికి హైదరాబాద్ల ఫారెస్టోళ్లు, పాముల రక్షణ కార్యకర్తలు ఆళ్ల గంపలు గుంజుకుంటరు. గుంజుకునుడు తప్పని నేననను. ఆ పాములకు కోరలు పీకుతరు, నోళ్లు కుట్టేస్తరు, నీళ్లియ్యక ఎండవెడ్తరు. దూపకు అది పాలల్ల మూతి పెడితె మనం దండం పెడ్తం. పాము పాలు తాగే జీవి కాదు. అది హింసనే. కని గంపల ఉన్న నాగుపాము కోసం జైలు, సూట్‌కేసుల వచ్చిన పైథాన్ కోసం పోర్టల్. గంప ఇడిసినోనికి ఇంకో పని చూపెట్టుడు మాత్రం ఆరు నెలల పథకం లెక్క సుత రాలే.

ఇది చెప్పంగనే, 'అయితె మేం సుత సాదుకుంటం, పైసలున్నోళ్లకొక నీతి మాకొక నీతా' అనొద్దు తమ్ముడూ. ఆ కోపం న్యాయమైందే గని దాని ఖర్సు నీ పాణం. 2000 నుంచి 2019 దాక మన దేశంల పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది సచ్చిపోయిండ్రని లెక్క తేలింది. ఎక్కువ ఊర్లల్లనే. ఎక్కువ మంది సచ్చిన రాష్ట్రాలల్ల మన తెలుగు నేల సుత ఉన్నది. 2024 సెప్టెంబర్ల కామారెడ్డి జిల్లాల 20 ఏండ్ల పోరడు వీడియో కోసం నాగుపామును నోట్ల పెట్టుకొని పాణం ఇడిసిండు. పిల్ల నాగుపాముకు గుడ్డుల నుంచి బయటికొచ్చిన నాడే ఇషం ఉంటది. చిన్నది గద ఏం గాదు అనెటోడే డబ్బాల చెయ్యి వెడ్తడు. గీతలున్న పిల్లపాము ఇషం లేని ఉల్ఫ్ స్నేక్ కావచ్చు, కట్లపాము కావచ్చు. ఫోటో పెట్టి గ్రూపుల అడిగితె పదిమంది పది పేర్లు చెప్తరు. కరిస్తె గవర్నమెంటు దవాఖానకే ఉరకాలె. ఈ దిక్కు వాళ్లకు ముషీరాబాద్ గాంధీ ఉన్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒక్కటే మందు, సూది మందే. తాడు గట్టి బిగించుడు, కోసి రక్తం పీల్చుడు, మంత్రం... ఇవన్ని టైం తినెటియే.

రూంల పాముపిల్ల కనవడితె తలుపు ఏస్కొని దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచి, ఫారెస్టోళ్లకో, 1995 నుంచి హైదరాబాద్ల పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ కొట్టాలె. నిజంగ పాముల మీద ఇష్టముంటె గీసొంటి సంఘాలల్లనే పాములు పట్టుడు నేర్సుకోవచ్చు. పామును చూసుడు, పట్టుడు, ఇడిసిపెట్టుడు అన్ని అండ్లనే ఉంటయ్. ఇంటికి తెచ్చుకునుడు తప్ప.

అట్లని అందరూ ఆడికి రాలేరు. గంప ఇడిసిన పాములోని కొడుకు ఏం చెయ్యాలె? తమిళనాడుల ఇరుల తెగోళ్లు 1978ల సహకార సంఘం వెట్టుకున్నరు. ఆళ్లు సుత పాముల తోలు కోసం పట్టెటోళ్లే. తోలు యాపారం బందైనంక బతుకు ఆగమైంది. ఇప్పుడు ప్రభుత్వ పర్మిషన్‌తోని పాములను పట్టి, కొన్ని వారాలు ఉంచుకొని, ఇషం తీసి, మళ్ల అడవిల ఇడుస్తరు. మందు కంపెనీలు ఆ ఇషం కొంటయ్. మనకు గాంధీల ఎక్కే సూది మందు తయారైతది ఆ ఇషంతోనే. పాములను ఆళ్లు ఉంచేది దేంట్ల ఎర్కేనా? మట్టి కుండలల్ల. లోపల ఇంత ఇసుక, మూతికి బట్ట కట్టుడు. కుండ సల్లగుంటది, గాలాడ్తది, చీకటిగుంటది, ఇరుకుగుంటది. హీటింగ్ ప్యాడ్ లేదు, థర్మోస్టాట్ లేదు. ఆ తెలివి మన పాములోళ్ల ఇండ్లల్ల సుత ఉన్నది. దానికి ఒక లైసెన్సు, ఒక షెడ్డు ఇయ్యుమని మన రాష్ట్రాన్ని అడిగెటోళ్లే లేరు.