వంటింటిదాకా రాని టింగు

"సౌండ్ రాకపోతే ఏమైంది, స్క్రీన్ మీద మెసేజ్ కనిపిస్తుందిగా" అంటారు మా ఇంట్లో. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి కనిపిస్తుంది, నిజమే. చపాతీ పిండి చేతులతో పొయ్యి దగ్గరున్న మనిషికి ఎలా కనిపిస్తుంది? మా అమ్మాయి అమెరికాలో పడుకోబోతూ పెట్టే మెసేజ్ ఇక్కడ టిఫిన్ల వేళకి వస్తుంది. అరగంట ఆలస్యంగా చూస్తే తను నిద్రపోయి ఉంటుంది, ఆ రోజుకి ఇక మాటల్లేవు. అందుకే డైనింగ్ టేబుల్ మీది లాప్‌టాప్‌లో చాట్ టింగుమనడం నాకు చిన్న విషయం కాదు. అది మూగబోతే ఆదివారం ఎవరికి ఖాళీ దొరుకుతుందా అని ఎదురుచూడటం నాకిష్టం లేదు. మీరూ చూడకండి.

ముందు ఒక పాట పెట్టండి. పాట కూడా రాకపోతే ఎవరి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అయినా లాప్‌టాప్‌కి కలిసి ఉన్నాయేమో చూడండి. మన టింగు పక్కగదిలో మంచం మీద మోగుతూ ఉంటుంది!

పాట వస్తే స్పీకర్ బాగున్నట్టే. విండోస్ 11 అయితే కింద కుడిమూల స్పీకర్ బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కండి, వాల్యూమ్ మిక్సర్ వస్తుంది. అందులో ఒక్కో యాప్‌కి ఒక్కో గీత. ఆన్‌లైన్ క్లాసు వింటూ పిల్లలు చాట్ గీతని సున్నాకి తోసేస్తారు, మళ్ళీ పెంచాలని వాళ్ళకి గుర్తుండదు. గడియారం పక్కన నిద్రపోతున్న గంట బొమ్మ కనిపిస్తే డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఉందన్నమాట. సెట్టింగ్ అలా ఉంటే ఫుల్‌స్క్రీన్‌లో సినిమా పెట్టినప్పుడు దానంతటదే ఆన్ అవుతుంది.

వంటింటి వాళ్ళకి అసలు చిక్కు వేరే. ఎవరూ ముట్టుకోకపోతే లాప్‌టాప్ కాసేపటికి నిద్రలోకి వెళ్తుంది, ఇక ఏదీ మోగదు. పొద్దున్న ఆ రెండు గంటలూ ఛార్జర్ పెట్టి ఉంచి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ సమయం పెంచండి. కరెంటు ఖర్చంటారా, ఆ టీవీ ఎవరూ చూడకుండా నడిచే గంటలు లెక్కేద్దాం ముందు.

అలాగని అన్నీ మోగనివ్వమని నేననను. వాట్సాప్‌లో మ్యూట్‌కి 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు దారులున్నాయి. అపార్ట్‌మెంట్ గ్రూపు, గుడ్‌మార్నింగ్ పువ్వుల గ్రూపు ఎప్పటికీలో పెట్టేయండి. అత్తగారి వైపు గ్రూపు కూడా. మ్యూట్ చేసిన సంగతి అవతలివాళ్ళకి తెలియదు లెండి.