మెట్ట ఊళ్లో బోటేంటన్నవాళ్లకు

మొన్న జగ్గయ్యపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. విస్తట్లో పప్పు పడింది, నెయ్యి ఇంకా రాలేదు. ఆ సందులో మా బావగారు పంక్తి మొత్తానికీ వినబడేట్టు అందుకున్నారు. "మా బామ్మర్ది నందిగామలో ఓడ కడుతున్నాడండోయ్! తుక్కు బోటొకటి తెచ్చి రేకుల షెడ్డులో పెట్టుకుని ఆర్నెల్లుగా దానికి సేవ చేస్తున్నాడు. ఆ డబ్బు పెడితే పరిటాల దగ్గర నాలుగు గజాలన్నా వచ్చేవి." పంక్తి నవ్వింది. ఎదుటి వరసలో ఒక పెద్దమనిషి, నేనెవరో ఆయనకు తెలీదు, ఆయనెవరో నాకు తెలీదు, "మెట్ట ఊళ్లో బోటేంటండీ, పిచ్చి కాకపోతే" అని తీర్పు చెప్పేసి గోంగూర కోసం చెయ్యి చాపాడు.

మా అక్క మొహం చూసి అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ముందు ఆ పెద్దమనిషి సంగతి. నిజమే, మాది మెట్టే. మిర్చి, పత్తి, సున్నపురాయి ఉన్న నేల. అయితే ఏమిటి? 2023 జులైలోనూ, మళ్లీ 2024 సెప్టెంబరు 1నా మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారినే ముంచేసింది. నాలుగు వరసల రోడ్డు కాస్తా ఏరైపోయింది. ఇటు లారీలు ఇటు, అటు లారీలు అటు నిలబడిపోయాయి. వాటిలో మా బావగారివి రెండున్నాయి. ఆ సెప్టెంబరులోనే బుడమేరు విజయవాడ మీద పడితే సింగ్ నగర్ మేడల మీద జనం బోటు కనబడగానే చేతులూపుతూ అరిచారు. అప్పుడెవరూ బోటేంటి అనలేదు. నీళ్లు తియ్యగానే నోళ్లు లేచాయి. ముక్త్యాల దగ్గర కృష్ణ దాటి మాదిపాడు పోవడానికి తరతరాలుగా మనకున్నది బల్లకట్టే. వేదాద్రి నరసింహస్వామి గుడి మెట్లు దిగితే కాళ్లకు తగిలేదీ కృష్ణే. పైన పులిచింతల, నిండితే 45 టీఎంసీల పైచిలుకు నీళ్లు. ఒక పక్క కృష్ణ, మధ్యలో పాలేరు, ఇటు మునేరు పెట్టుకుని మాది మెట్ట అని విర్రవీగడం మనకే చెల్లింది.

ఇక బోటు సంగతి. పద్నాలుగు అడుగుల ఫైబర్ బోటు. నది ఒడ్డు ఊళ్లో ఒక పెరట్లో బోర్లా పడి ఉంటే, దాని కింద మేకలు పడుకుని ఉంటే చూశాను. మోటారు ఎప్పుడో ఎవరో ఊడదీసుకుపోయారు. మేకపిల్ల ధరకు ఇచ్చారు. మేకలకు వేరే నీడ చూడాలి కాబట్టి ఇంకో రెండొందలు అడిగారు, ఇచ్చాను. ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి ఇంటికి తెచ్చుకున్నాను.

తుక్కు అన్నారే, ఆ మాట పట్టుకుందాం. తుక్కంటే తూకానికి పోయేది. ఇనుముకు కిలో ఇంతని ధర ఉంది, రాగికి ఉంది, అట్టపెట్టెకు ఉంది, చివరికి తలవెంట్రుకలకు కూడా ఉంది. ఫైబర్‌కు ఉందా? ఏ పాత ఇనప సామాన్ల కొట్టుకైనా తీసుకెళ్లండి. కొట్టతను కుర్చీలోంచి లేవడు. అది ప్లాస్టిక్ బిందె కాదు కరిగించి మళ్లీ పోయడానికి. గాజు పీచుకు రెసిన్ పట్టించి, గట్టిపరిచి చేసిన సరుకు. ఒకసారి గట్టిపడ్డాక ఎంత కాల్చినా కరగదు, నల్లటి పొగ పెట్టి మండుతుంది అంతే. చెక్క పడవైతే చివరికి పొయ్యిలోకన్నా వచ్చేది. ఈ బోటును పారేస్తే పారేసిన చోటే మన మనవళ్ల దాకా ఉంటుంది. ఫ్రాన్సులో ఈ బెడద పడలేకే 2019 నుంచి కొత్త బోటు అమ్మేవాడి దగ్గరే ముందుగా రుసుము వసూలు చేసి, పాతబడ్డ బోట్లను విప్పించే ఏర్పాటు చేసుకున్నారు. జర్మనీలో పాత గాలిమర రెక్కల్ని, అవీ ఫైబరే, పొడి చేసి సిమెంటు బట్టీల్లో వేస్తారు. రెసిన్ మండి వేడినిస్తుంది, గాజు సిమెంటులో కలిసిపోతుంది. జయంతిపురం నుంచి ముక్త్యాల దాకా మన చుట్టూ సిమెంటు బట్టీలే, జగ్గయ్యపేట వాళ్లకు ఆ మాట చెప్పాలా? బావగారూ, మీ లారీలు బూడిద తోలేది అక్కడికే గదా, ఒక ట్రిప్పు బోట్లు కూడా తోలండి. అంతవరకూ దాన్ని తుక్కనకండి, తుక్కుకు కూడా కాస్త మర్యాద ఉంది.

అసలు నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. ఎవరు చెబుతున్నారండీ పాతది దండగని? లారీ యజమాని! విజయవాడ ఆటోనగర్ బతికిందే పాతదాన్ని బతికించి గదా. ఇంజన్ కాలిపోతే బోరు చేయిస్తారు, స్లీవులు మారుస్తారు. కమాను కట్టలు విరిగితే కొత్త ఆకులు వేయిస్తారు. బాడీ కుళ్లితే మొత్తం ఊడబీకి కొత్త చెక్క, కొత్త రేకు, కొత్త క్యాబిన్, దాని నుదుట వేంకటేశ్వరస్వామి, వెనక దిష్టిబొమ్మ. "ఛాసిస్ బాగుంటే బండి బాగున్నట్టే బామ్మర్దీ" అని నాకు పాఠం చెప్పింది ఈ బావగారే. సరే, నా బోటుకు ఛాసిస్ దాని పెంకు. ఆ పెంకు రాయిలా ఉంది. అదెందుకు దండగ? ఊళ్లో కుర్రాళ్లు పాత బుల్లెట్ బండి దొరికితే దానికి నికెల్ పూతలకీ సైలెన్సరుకీ లక్షలు తగలేసి వీధంతా డబడబలాడిస్తూ తిరుగుతారు. వాళ్లను చూసి "అభిరుచి" అంటారు. ముప్పై ఏళ్ల మాస్సీ ట్రాక్టరును ఇంకా దున్నిస్తున్న రైతును "జాగ్రత్తపరుడు" అంటారు. నన్ను మాత్రం పిచ్చోడంటారు.

ఎందుకంటే లారీకి కిరాయి వస్తుంది, బుల్లెట్‌కు మళ్లీ అమ్మితే ధర వస్తుంది, బోటుకు ఏం వస్తుంది? ఇదీ లెక్క. 2014లో రాజధాని విజయవాడ చుట్టుపక్కలే అన్న రోజు నుంచి మా ప్రాంతంలో రూపాయి లేదు, కిలో లేదు, గంట లేదు, అన్నిటికీ కొలత గజమే. పిల్ల చదువు ఎన్ని గజాలు, గుండె ఆపరేషను ఎన్ని గజాలు, తాతగారి దినం ఎన్ని గజాలు. హైవే పక్క మాగాణి, మెట్ట తేడా లేకుండా రాళ్లు పాతారు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు, మధ్యలో సర్కారు తుమ్మ. పదేళ్లుగా అక్కడ తుమ్మ తప్ప ఏదీ లేవలేదు. అది పెట్టుబడి! నేను చేత్తో పట్టుకుని, చెమటోడ్చి, వాసన పీల్చి ఒక వస్తువును నిలబెడితే అది దండగ! మా బావగారికి కంచికచర్ల దగ్గర ఉన్న స్థలం ఎక్కడో ఆయనకే తెలీదు, ప్రతి ఏడూ బ్రోకరును తీసుకెళ్లి చూపించుకుని వస్తారు. సరే, ఎక్కువ అంటున్నాను, అక్క చదువుతుంది.

పాత బోటు ప్రాణాంతకం అనేవాళ్లు ఇంకొందరు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటెందుకు మునిగింది? అనుమతి లేని బోటు, లైఫ్ జాకెట్లు లేవు, పట్టనంతమంది జనం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరులో? గోదావరి వరద మీద ఉండగా బోటు బయల్దేరింది. ఇందులో పాత అన్న మాటెక్కడుంది? కొత్త బోటు కూడా అలాగే మునిగేది. ఆ కచ్చులూరు బోటును అడుగునుంచి పైకి లాగిందెవరో గుర్తుందా? కాకినాడ ధర్మాడి సత్యం. అక్టోబరు 22న, లంగర్లు, ఇనప తాళ్లు, తన మనుషుల చేతి పనితనంతో. ఆయన్ను మెచ్చుకున్న నోళ్లే చేతిపనిని దండగంటున్నాయి. ప్రయాణికుల్ని ఎక్కించే బోటుకు తనిఖీ ఉండాలి, 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను ఉండాలి, ఉండి తీరాలి. దానికీ నా షెడ్డుకూ ఏం సంబంధం?

ప్రాణం తీసేది పాతదనం కాదు, రంగు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. దీనికి ముందు ఒక బోటు కొన్నాను. నిగనిగలాడే నీలం రంగు, అద్దంలా మెరుగు. అమ్మినాయన పేరు చెప్పను, ఊరూ చెప్పను. "రెండేళ్లే వాడామండీ" అన్నాడు. మూడోసారి నీళ్లలోకి దించి మోటారు గట్టిగా తిప్పేసరికి వెనక పలక, బోటు వాళ్లు ట్రాన్సమ్ అంటారు, మోటారుతో సహా వెనక్కి వాలింది. ఒడ్డు దగ్గరే కాబట్టి బతికాను. తర్వాత గీకి చూస్తే రంగు కింద కారు షెడ్డు పుట్టీ, పుట్టీ కింద పగుళ్లు, పగుళ్ల లోపల తడిసి నల్లబడి చెయ్యి పెడితే చాయపిప్పిలా రాలే ప్లైవుడ్డు. బాగుచేయడం అంటే మనవాళ్లకు ఇదే! పుట్టీ పుయ్యి, రంగు కొట్టు, కొబ్బరికాయ కొట్టు. కూలే వంతెనకు సున్నం, కారే బడికి లప్పం. కొత్తది కొనమనేవాడూ, పైన రంగు పూసేవాడూ ఒక తాను గుడ్డలే. ఇద్దరూ లోపలికి చూడరు.

లోపలికి చూడటానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. రూపాయి బిళ్ల చాలు. పెంకు మీద వరసగా కొడుతూ పొండి. టక్‌మంటే గట్టిది. మొద్దుగా, తడి కుండ మోగినట్టు మోగితే అక్కడ పొరలు విడిపోయాయి, లేదా లోపలి చెక్క నీళ్లు తాగింది. మా బోటంతా ఇలా కొట్టుకుంటూ సుద్దతో గీతలు గీస్తే పెంకులో దెబ్బతిన్నది రెండు జానల మేర. వెనక పలక మాత్రం పూర్తిగా పోయింది. ఎక్కడైనా అంతే, ఫైబర్ బోటులో ముందు చచ్చేది ఫైబర్ కాదు, దాని లోపల దాచిన చెక్క. స్క్రూ బిగించిన కంతకు సీలు సరిగ్గా వెయ్యకపోతే చాలు, చుక్క చుక్కా దిగుతుంది. 1942లో అమెరికాలోని టొలీడోలో రే గ్రీన్ తొలి ఫైబర్ పడవల్లో ఒకటి చేసినప్పటినుంచీ ఇదే రోగం, ఇదే మందు. పోయిన చెక్క తవ్వెయ్యి, మెరైన్ ప్లై పెట్టు, కంతలన్నీ మూసెయ్యి.

పగులుకు వైద్యం ఇంకొంచెం ఓపిక పని. పగులు మీద గుడ్డముక్క అంటిస్తే అతుకు కాదు, బొప్పి. గ్రైండరుతో చుట్టూ ఏటవాలుగా, పెంకు మందానికి పన్నెండింతల వెడల్పు అరగదియ్యాలి. ఆ పళ్లెంలో గాజు పీచు మ్యాట్ ముక్కల్ని, చిన్నది, దానికన్నా పెద్దది, ఇంకా పెద్దది, రెసిన్‌తో తడిపి రోలరుతో గాలి బుడగలు పోయేదాకా నొక్కాలి. ఆ అరగదీసిన ధూళి ఒంటికి తగిలితే రెండు రోజులు దురద. మూతికి గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టాలి. రెసిన్‌కు హార్డెనర్ నూటికి ఒకటో రెండో పాళ్లు, అంతే. రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్టునూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోశారో, భగ్గుమంటుంది, నేను పెళ్లిలో ఊరుకున్నట్టు అది ఊరుకోదు. ఇదంతా ఎక్కడ చేస్తున్నాం? నది అవతల రెంటచింతల ఎండకు పేరు మోసింది, ఇవతల మేమేం తక్కువ తినలేదు. మేలో మధ్యాహ్నం కలిపితే రెసిన్ డబ్బాలోనే ఉడికి గడ్డకడుతుంది, డబ్బా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే తెల్లారుజామున నాలుగింటికి లేచి రేడియో పెట్టుకుని పని. వానల్లో తేమకు సరిగ్గా ఆరదు, మానేయాలి. పంచాంగం చూసి విత్తనం వేసే రైతుకు ఇది కొత్త కాదు.

జీతం లెక్క కట్టుకుంటే కొత్త బోటే చవకంటారు. కట్టను. అయిపోయింది.

పనికిరాదన్న పని చేసినవాళ్లు మా దగ్గర లేకపోలేదు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుపడితే నవ్వినవాళ్లున్నారు. ఖోస్లా కమిటీ ఆ కొండల్లోకి పోవడానికి దారే లేదంటే, ఊళ్ల జనాన్ని పెట్టి దారి వేయించి జీపుల్ని నడిపించారాయన. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఇవాళ నందిగామ పొలాల్లోకి వచ్చే ఆ ఆనకట్ట ఎడమ కాలువ నీళ్లు ఆ పట్టుదల ఫలం. నా బోటుకూ ఆయన ఆనకట్టకూ పోలికేంటని విసుక్కోకండి. పోలిక బోటుకు కాదు, నవ్వినవాళ్లకు.

మరి ఏం చెయ్యమంటావంటారా? ఐటీఐల్లో వెల్డింగు, ఫిట్టరు నేర్పుతున్నారు, ఫైబర్ అతుకు కూడా ఒక నెల నేర్పండి. సునామీ తర్వాత మన తీరానికి ఫైబర్ బోట్లు విరివిగా వచ్చాయి, వాటిని అతికించుకుంటూ నెట్టుకొస్తున్న బందరు, నిజాంపట్నం జాలర్లనే పిలిచి గురువులుగా పెట్టండి. జీతాలెవరిస్తారంటే, నాకు తెలీదు, లేఅవుట్లకు అనుమతులిచ్చేవాళ్లను అడగండి. వరద వచ్చినప్పుడు బోట్ల కోసం జిల్లాలు దాటి ఫోన్లు చేసేకన్నా ఇది తక్కువలో అవుతుంది.

వెనక పలక పోయిన వారం పెట్టాను. మూడు పొరలు పడ్డాయి, ఇంకో రెండున్నాయి. కార్తీకానికి ముక్త్యాల రేవులో దించుతాను. రెండో లైఫ్ జాకెట్ బావగారి కొలతకు కొన్నాను, పెద్ద సైజు. ఇక చదివేవాళ్లకో మనవి. మీ పెరట్లోనో, చెరువు గట్టునో ఫైబర్ బోటు బోర్లా పడి ఉంటే తగలబెట్టకండి, మట్టిలో పూడ్చకండి. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. టక్‌మంటే నాకు కబురు చెయ్యండి, ట్రాక్టరు నేనే తెచ్చుకుంటాను.