పీఎస్5 వర్సెస్ ఎక్స్‌బాక్స్: మూడేళ్లకు లెక్కేస్తే తేడా పది రూపాయలే.. మరి పల్నాడు కుర్రాళ్లు ఏది కొనాలి?

రూ.54,990 పెట్టి ప్లేస్టేషన్ 5 కొనాలా? రూ.34,990కే వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తీసుకుని ఇరవై వేలు మిగుల్చుకోవాలా? నరసరావుపేట నుంచి మాచర్ల దాకా గేమింగ్ పిచ్చి ఉన్న ప్రతి కుర్రాడూ ఇంట్లో ఒప్పించే ముందు వేసే లెక్క ఇదే. షాపు వాడు చెప్పేదీ, యూట్యూబ్ రివ్యూలో వినేదీ ఈ రెండు నంబర్లే. కానీ డబ్బా ధర దగ్గరే ఆగిపోతే లెక్క సగమే అయినట్టు.

మూడేళ్లకు బిల్లు వేసి చూద్దాం. పీఎస్5 స్లిమ్ డిస్క్ మోడల్ 2024 ఏప్రిల్‌లో ఇండియాకు వచ్చినప్పుడు రూ.54,990. పీఎస్5 కోసం సోనీ సొంతంగా తెచ్చే పెద్ద గేమ్‌ల ధర లాంచ్ నుంచీ రూ.4,999. ఏడాదికి రెండు కొత్త గేమ్‌లు కొంటే మూడేళ్లకు ఆరు, అంటే రూ.29,994. మొత్తం రూ.84,984.

ఇప్పుడు ఎక్స్‌బాక్స్. సిరీస్ ఎస్ 2020 నవంబర్ 10న రూ.34,990కి లాంచ్ అయింది. తర్వాత ధర అటూ ఇటూ మారినా, ఈ లెక్కకు చౌక రేటే తీసుకుందాం. దీనికి డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి చాలామంది గేమ్‌లు కొనకుండా గేమ్ పాస్ కడతారు. 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ అల్టిమేట్‌ను నెలకు రూ.829 నుంచి ఒక్కసారిగా రూ.1,389 చేసింది. 36 నెలలకు రూ.50,004. కన్సోల్‌తో కలిపితే రూ.84,994.

అంటే మూడేళ్లకు తేడా అక్షరాలా పది రూపాయలు! షాపులో మిగిలాయనుకున్న ఇరవై వేలు నెల నెలా వెళ్లిపోయాయి.

ఈ డబ్బు మన జిల్లాలో ఎంతో తెలియాలంటే మిర్చిలో కొలవాలి. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మన మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ఖరారు చేసింది. ఆ రేటున పీఎస్5 అంటే దాదాపు 4.7 క్వింటాళ్లు. మూడేళ్ల పూర్తి బిల్లు ఏడు క్వింటాళ్ల పైమాటే. ఒక్క కొత్త గేమ్ డిస్క్ రూ.4,999 అంటే 42 కిలోలు. గుంటూరు యార్డు భాషలో చెప్పాలంటే, ఒక గేమ్‌కి ఒక టిక్కీ. కోత కూలీ, కిరాయి, కమీషన్ ఇవన్నీ తీయకముందు మాట ఇది. ఇంట్లో నాన్న 'ఆ ప్లాస్టిక్ బిళ్లకు అయిదు వేలా' అని అడిగితే ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

మరి కంపెనీలు డబ్బా ఎందుకు అంత చౌకగా ఇస్తాయి? నిజానికి చౌకే. 2021 మేలో అమెరికాలో ఎపిక్ - యాపిల్ కేసు విచారణలో మైక్రోసాఫ్ట్ ఎగ్జిక్యూటివ్ లోరీ రైట్ సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ కన్సోల్ అమ్మకం మీద కంపెనీ ఎప్పుడూ లాభం చూడలేదన్నారు. సోనీ కూడా పీఎస్5ని మొదట నష్టానికే అమ్మింది. ఆ తర్వాత స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీద సుమారు 30 శాతం వాటా తీసుకుంటాయి. కాబట్టి ఏ కన్సోల్ అయినా మీ హాల్లోకి వచ్చిన ఒక దుకాణం లాంటిది. ఆ దుకాణం తప్ప ఇంకో చోట కొనుక్కునే దారి మీకు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ దారి పేరే డిస్క్.

పీఎస్5 స్లిమ్‌లో డిజిటల్ ఎడిషన్ 2024లో రూ.44,990కి వచ్చింది. డిస్క్ మోడల్ కంటే పది వేలు తక్కువ. చూడగానే అదే కొనాలనిపిస్తుంది. కానీ డిజిటల్ గేమ్ ఆడేశాక దాన్ని అమ్మలేరు, ఫ్రెండ్‌కి ఇవ్వలేరు, మార్చుకోలేరు. డిస్క్ అయితే రూ.4,999కి కొని, ఆడేశాక సగానికి అమ్మినా రూ.2,500 వెనక్కి వస్తుంది. నాలుగు గేమ్‌లు అమ్మేసరికి ఆ పది వేలు తిరిగొచ్చేసినట్టే. అయిదో గేమ్ నుంచి డిస్క్ మోడలే చవక. పైన వేసిన రూ.84,984 లెక్కలో ఆరు డిస్కులూ సగం ధరకు పోయాయనుకుంటే అసలు ఖర్చు రూ.70 వేల దగ్గర ఆగుతుంది. గేమ్ పాస్‌కి కట్టిన యాభై వేలలో మాత్రం పైసా వెనక్కి రాదు.

ఇంకా తెలివైన పని ఏంటంటే, కొత్త డిస్కే కొనకపోవడం. సెకండ్ హ్యాండ్‌లో రూ.2,500కి దొరికినది ఆడేసి రూ.1,500కి వదిలేస్తే ఒక్కో గేమ్ వెయ్యి రూపాయలకు పడుతుంది. పైగా పీఎస్5లో పాత పీఎస్4 డిస్కులు కూడా దాదాపు అన్నీ ఆడతాయి. పాతికేళ్ల కిందట వీధి వీడియో గేమ్ షాపుల కాలంలో క్యాసెట్లు మార్చుకున్న అన్నయ్యలకు ఈ పద్ధతి కొత్తేం కాదు. '9999 ఇన్ 1' అని రాసి ఉన్న క్యాసెట్‌లో నిజంగా ఎన్ని గేమ్‌లు ఉండేవో మాత్రం అడక్కండి.

అలాగని ఎక్స్‌బాక్స్‌ని కొట్టిపారేయలేం. అల్టిమేట్ కాకుండా ప్రీమియం ప్లాన్ 2025 అక్టోబర్ రేటున నెలకు రూ.699. మూడేళ్లకు రూ.25,164, కన్సోల్‌తో కలిపి రూ.60,154. సెకండ్ హ్యాండ్ డిస్కులతో పీఎస్5 నడిపిన వాడికి అయ్యేది రూ.60,990. మళ్లీ దగ్గర దగ్గరే! పైగా ప్రీమియంలో 200కు పైగా గేమ్‌లు ఉంటాయని కంపెనీ చెబుతోంది. వారానికో కొత్త గేమ్ రుచి చూసే టైపు అయితే మీకు ఇదే కిట్టుబాటు. 2025లో కొత్త కాల్ ఆఫ్ డ్యూటీ రిలీజ్ రోజే కావాలంటే మాత్రం ప్రీమియంలో దొరకలేదు, అల్టిమేట్‌కి వెళ్లాల్సి వచ్చింది. చాలామందిని ఆ పెద్ద ప్లాన్‌కి లాగింది ఇలాంటివే.

కానీ మన ఊళ్లలో సిరీస్ ఎస్‌కి ఇంకో చిక్కుంది. నెట్. ఈ రోజుల్లో పెద్ద గేమ్ ఒక్కటే వంద జీబీ దాకా ఉంటుంది. ఇంట్లో 30 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే ఏడున్నర గంటలు, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి రెడీ. ఫైబర్ రాని ఊళ్లో, రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ హాట్‌స్పాట్ మీద దించాలంటే? 67 రోజులు. అప్పటికి రెండు నెలల గేమ్ పాస్ డబ్బులు ఊరికే పోయినట్టే. పైగా 512 జీబీ సిరీస్ ఎస్‌లో మనం వాడుకోగలిగే చోటు 364 జీబీయే. మూడు పెద్ద గేమ్‌లు పెడితే నిండిపోతుంది, నాలుగోది కావాలంటే ఒకటి డిలీట్ కొట్టాలి. అది మళ్లీ ఆడాలనిపిస్తే? మళ్లీ వంద జీబీ. డిస్క్ ఉన్నవాడికీ అప్‌డేట్ల గోల తప్పదు, కానీ గేమ్‌లో చాలా భాగం డిస్క్ నుంచే ఎక్కుతుంది.

కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్లకు ఓ చిన్న లెక్క. పీఎస్5 పెద్ద గేమ్ ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 12 యూనిట్లు. 2022లో వచ్చిన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబు రేటు ఆరు రూపాయలు, అంటే నెలకు రూ.72. టీవీ ఖర్చు వేరు. సిరీస్ ఎస్ ఇందులో సగం కూడా తీసుకోదు. అమ్మ తిట్టడానికి ఇది కారణం కాకూడదు.

ఎండ మాత్రం కారణమే. పీఎస్5 పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని సోనీయే చెబుతోంది. మరి మనది ఏ జిల్లా? వేసవి వస్తే ప్రతి బులెటిన్‌లో రెంటచింతల పేరు వినిపించే జిల్లా. మే మధ్యాహ్నం ఫ్యాన్ కింద, టీవీ స్టాండ్ అద్దాల అరలో పెట్టి ఆడితే ఆ 35 ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి ఏసీ గదిలోకి మార్చాలి, లేదంటే ఏప్రిల్, మే నెలల్లో ఆట సాయంత్రానికే. ఏసీ కరెంటు ఈ లెక్కలో కలిపితే పైన చెప్పిన రూ.72 మీద నవ్వొస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే కన్సోల్‌కి మంచిది కాదు, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోవడం మేలు.

'అమెరికా నుంచి బావ వస్తున్నాడు, తెప్పించుకుంటా' అనే బ్యాచ్ ఒకటి ఉంటుంది. ఒకప్పుడు అది మంచి ఐడియానే. కానీ 2025 ఆగస్టులో సోనీ అక్కడా యాభై డాలర్లు పెంచింది, డిస్క్ మోడల్ 549.99 డాలర్లయింది. డాలరు 90 రూపాయలనుకుంటే రూ.49,500, దాని మీద అక్కడి సేల్స్ ట్యాక్స్ వేరు. మిగిలేది అయిదు వేలు కూడా కాదు, వారంటీ మాత్రం సముద్రం అవతల ఉండిపోతుంది. ఇక్కడే పండగ ఆఫర్లలో సోనీ అయిదు వేలు తగ్గించిన సందర్భాలున్నాయి. బావ చేత రెండు డిస్కులు తెప్పించుకోండి చాలు, ప్లేస్టేషన్ డిస్కులకు దేశం అడ్డు లేదు. అదనపు కంటెంట్ కొనాలంటే మాత్రం అక్కడి అకౌంటే కావాలి. నింటెండో అయితే ఇండియాలో అధికారికంగా అమ్మడమే లేదు. స్విచ్ 2 కొంటే రిపేరుకి ఎవరిని అడగాలో కూడా మీరే వెతుక్కోవాలి.

ఇంకో విషయం గమనించారా? వెనకటికి కన్సోల్ పాతబడే కొద్దీ ధర దిగేది. 2000లో అమెరికాలో 299 డాలర్లతో మొదలైన పీఎస్2, 2009కి 99 డాలర్లకు వచ్చింది. పీఎస్5 ఇక్కడ 2021 ఫిబ్రవరి 2న రూ.49,990కి వచ్చి, మరుసటి ఏడాది నవంబర్‌లో రూ.54,990 అయింది. 'ఆగుదాం, తగ్గుతుంది' అనే పాత ఫార్ములా ఈ తరం కన్సోల్స్‌కి పనిచేయలేదు. జీఎస్టీలో కన్సోల్స్ 2019 నుంచే 18 శాతంలో ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 22న 28 నుంచి 18కి దిగింది 32 అంగుళాలు దాటిన టీవీలు. అంటే ఆ మార్పుతో కలిసొచ్చింది టీవీ కొనేవాళ్లకే.

నిజం చెప్పాలంటే నరసరావుపేటలో పీఎస్5కి అసలు పోటీ ఎక్స్‌బాక్స్ కాదు, ల్యాప్‌టాప్. ఇంజినీరింగ్‌లో చేరగానే ఎలాగూ ఒకటి కొనాలి. దానికి ఇంకో పదీ ఇరవై వేలు కలిపితే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది వస్తుంది. ఇంట్లో ఒప్పించడమూ తేలిక, 'చదువుకు' అంటే చాలు. స్టీమ్‌లో సేల్ పడితే గేమ్‌లు రూపాయల్లోనే చవకగా దొరుకుతాయి, ఆన్‌లైన్ ఆడటానికి నెలవారీ చందా లేదు. బీజీఎంఐ లాంటివి చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉచితం. అయినా కన్సోల్ కొంటున్నారంటే కారణం సోఫా. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుని పెద్ద టీవీలో క్రికెట్ 24 ఆడితే వచ్చే మజా ల్యాప్‌టాప్‌లో రాదు. అయితే ఆ మజాకి రెండో కంట్రోలర్ కావాలి. పీఎస్5 లాంచ్ అప్పుడే దాని ధర రూ.5,990. ఈ ఖర్చు మాత్రం ఏ రివ్యూలోనూ గట్టిగా చెప్పరు.

పెద్దవాళ్ల భయం వేరే. గేమ్ అనగానే వాళ్లకు రమ్మీ యాప్‌లు గుర్తొస్తాయి. ఏపీ 2020లోనే వాటిని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. కన్సోల్ గేమ్‌లు ఆ కోవలోకి రావు. కానీ వాళ్ల భయం పూర్తిగా ఉత్తిది కూడా కాదు. ఫుట్‌బాల్ గేమ్‌లో మంచి ఆటగాడు తగులుతాడేమోనని ప్యాక్ తర్వాత ప్యాక్ డబ్బులిచ్చి తెరిచే పద్ధతి ఉంది. కార్డు వివరాలు సేవ్ చేసి తమ్ముడి చేతికిస్తే, కన్సోల్ ధర ఎంతో మర్చిపోయే బిల్లు వస్తుంది. ఆట ఎంత దూరం తీసుకెళ్తుందో పల్నాడుకు వేరే చెప్పాలా, కోడిపందెం ఓడి ఏడేళ్లు ఊరు వదిలిన కథ మనదే కదా. సెట్టింగ్స్‌లో పిల్లల అకౌంట్ పెట్టి, నెలకు ఖర్చు పరిమితి సున్నా చేసేయొచ్చు. పావుగంట పని.

ఇంతకీ అందరూ ఇప్పుడే ఎందుకు కొందామనుకుంటున్నారంటే, జీటీఏ 6. రాక్‌స్టార్ ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19. ప్రకటించిన ప్లాట్‌ఫామ్‌లు పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మాత్రమే, అందులో పీసీ లేదు. ఈ ఒక్క గేమ్ కోసమే అయితే గేమ్ రిలీజయ్యాక కొనండి, ముందే కొని పక్కన పెడితే కరిగిపోయేది మీ వారంటీనే.

షాపుకి వెళ్లేవాళ్లు మీ పేరు మీద జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. పీఎస్5 స్లిమ్‌లో డిస్క్ డ్రైవ్ మొదటిసారి పనిచేయాలంటే నెట్ తప్పనిసరి, ఊళ్లో సిగ్నల్ లేకపోతే టౌన్‌లోనే ఆన్ చేసి చూసుకోండి. గేమ్ కొనేటప్పుడు అట్ట వెనకవైపు చదవండి. కొన్ని డబ్బాల్లో డిస్క్ ఉండదు, డౌన్‌లోడ్ కోడ్ రాసిన కాగితం ఒక్కటే ఉంటుంది. ఆ కోడ్ ఒకసారి వాడేశాక ఆ డబ్బాని సగం ధరకు కాదు కదా, పది రూపాయలకు కూడా ఎవరూ కొనరు.