రెండో బ్యాటరీ సరే, దాన్ని నింపేదెవరు? ట్రక్కు ఓనర్లకు ఒక మాట

ఫోన్ కొనేటప్పుడు మనం 5000 ఎంఏహెచ్ అన్న అంకె ఒక్కటే చూసి ఊరుకోం. ఎన్ని వాట్ల ఛార్జింగ్, అడాప్టర్ బాక్సులో ఇస్తున్నారా, కేబుల్ ఏది వాడాలి అని అన్నీ ఆరా తీస్తాం. అదే పికప్ ట్రక్కుకి రెండో బ్యాటరీ పెట్టించాలంటే మాత్రం "100 ఏహెచ్ లిథియం ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతున్నాం. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: ఇక్కడ డబ్బు ముందు పెట్టాల్సింది ఛార్జర్, వైరింగ్, ఫ్యూజుల మీద. బ్యాటరీ సైజు సంగతి ఆ తర్వాతే.

అసలు మీకు అవసరమా?

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటి ఫోర్-బై-ఫోర్ పికప్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. అలాంటి బండిలో హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ వెళ్లి, అక్కడి ఎర్రమట్టి బాటల పక్కన టెంట్ వేశారనుకుందాం.

ఒక్క రాత్రే, అదీ ఫోన్లు, ఒక ఎల్ఈడీ లైటు మాత్రమే అయితే రెండో బ్యాటరీ వద్దు. 5000 ఎంఏహెచ్ ఫోన్ అంటే దాదాపు 19 వాట్ అవర్లే. నాలుగు ఫోన్లు, లైటు కలిపినా ఒక చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ సరిపోతుంది.

కంప్రెసర్ ఫ్రిజ్ వచ్చిందంటే లెక్క మారుతుంది. నడిచేటప్పుడు 4 ఆంపియర్లు లాగే ఫ్రిజ్, ఎండాకాలంలో సగం సేపు నడిచిందనుకున్నా 24 గంటలకు 48 ఏహెచ్ తాగేస్తుంది. స్టార్టింగ్ బ్యాటరీ ఇలాంటి పనికి చేసింది కాదు. కొన్ని సెకన్ల పాటు భారీ కరెంటు ఇవ్వడం దాని పని. లోతుగా ఖాళీ చేస్తూ పోతే త్వరగా చచ్చిపోతుంది, పొద్దున బండి కూడా స్టార్ట్ కాదు.

రిలే చాలదా?

రెండు బ్యాటరీలూ లెడ్-యాసిడ్ అయిన పాత బండ్లలో వోల్టేజ్ చూసి కలిపే రిలే బాగానే పనిచేసింది. ఇంజిన్ ఆన్ అయి వోల్టేజ్ పెరిగితే రెండింటినీ కలుపుతుంది, 12.8 దగ్గరకు పడితే విడదీస్తుంది. ఇప్పుడు రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలా కొత్త బండ్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని కంప్యూటర్ తగ్గించేస్తుంది. దాంతో రెండో బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. రెండు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఇంజిన్ ఆపాక కూడా 13 వోల్టుల పైనే ఉంటుంది. రిలే దాన్ని చూసి ఇంకా ఛార్జింగ్ నడుస్తోందనుకుని విడదీయదు. ఫ్రిజ్ రెండు బ్యాటరీలనూ కలిపి తాగుతుంది. పైగా ఖాళీ లిథియం బ్యాటరీ ఆల్టర్నేటర్ నుంచి అదుపు లేకుండా కరెంటు లాగి దాన్ని వేడెక్కిస్తుంది.

డీసీ-డీసీ ఛార్జర్ ఈ చిక్కులన్నిటికీ జవాబు. వచ్చే వోల్టేజ్ ఎంతున్నా బ్యాటరీకి కావాల్సినంతే ఇస్తుంది, కరెంటుకి హద్దు పెడుతుంది. ఇదేమీ వింత వస్తువు కాదు. ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల సర్క్యూట్‌కి కరెంటు పంపేదీ డీసీ-డీసీ కన్వర్టరే.

25 ఆంపియర్ల ఛార్జర్ పెట్టారనుకోండి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, రెండు గంటల డ్రైవ్. అంటే 50 ఏహెచ్ నిండుతుంది, ఫ్రిజ్‌కి ఒక రోజు తిండి. రోజూ బండి కదిలే ట్రిప్పుకి 200 ఏహెచ్ ఎందుకు చెప్పండి?

షాపులో అడగాల్సినవి

వైరు: ఇంజిన్ దగ్గర్నుంచి వెనక బెడ్ దాకా 5 మీటర్లనుకుంటే, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 25 ఆంపియర్ల దగ్గర రానుపోను దాదాపు 0.8 వోల్టు పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లైతే 0.3కి దిగుతుంది.

ఫ్యూజు: రెండు బ్యాటరీల ప్లస్ టెర్మినల్ పక్కనే, జానెడు లోపు, చెరొకటి ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని. గతుకుల్లో వైరు ఛాసిస్‌కి రాసుకుని తొడుగు చిరిగితే, ఒకవైపే ఫ్యూజు ఉన్నప్పుడు రెండో బ్యాటరీ మంట పెట్టేస్తుంది.

చోటు: లిథియం బ్యాటరీని బానెట్ కింద పెట్టనివ్వొద్దు. మన ఎండలకి ఇంజిన్ వేడి తోడైతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

వారంటీ: బండి వైరింగ్ ముట్టుకునే ముందు షరతులు చదవండి.

మా తీర్పు

బడ్జెట్ తక్కువైతే బ్యాటరీని 100 నుంచి 60 ఏహెచ్‌కి తగ్గించుకోండి. ఛార్జర్‌ని, ఫ్యూజులని మాత్రం తగ్గించొద్దు. చిన్న బ్యాటరీతో మహా అయితే కూల్ డ్రింక్ వెచ్చబడుతుంది. వైరింగ్ తేడా కొడితే ట్రక్కే పోతుంది.